ట్యాంకుకి ఏ రాడార్ పెట్టాలి, పెట్టాక ఏం సెట్ చేయాలి

ట్యాంకులో మట్టాన్ని రాడార్ తరంగంతో కొలిచే పరికరం, అంటే రాడార్ లెవెల్ ట్రాన్స్‌మిటర్ కొందామని ఇండెంట్ రాయడం మొదలుపెట్టగానే తలా ఒక మాట చెబుతారు. ఒక సప్లయర్ 80 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీది అన్ని ట్యాంకులకీ సరిపోతుందంటాడు. మీ ప్లాంటులో ఏళ్ల తరబడి 26 గిగాహెర్ట్జ్ బాగానే నడుస్తోంది కదా, అదే తీసుకోండి అని ఇంకొకరు. పక్క యూనిట్‌లో గైడెడ్ వేవ్ (తరంగాన్ని రాడ్ వెంట పంపే రకం) పెట్టాక కంప్లయింట్లే లేవని మరొకరు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. ఎవరిది వారి ట్యాంకుకి పనిచేసింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫ్రీక్వెన్సీ ఎంచుకోవడంతో సగం పనే అవుతుంది. మిగతా సగం సెట్టింగుల్లో ఉంది. ముఖ్యంగా ఎకో, అంటే ద్రవం నుంచి తిరిగొచ్చే తరంగం, దొరకనప్పుడు పరికరం ఏం చేయాలి అనే సెట్టింగులో ఉంది. కొత్త 80 గిగాహెర్ట్జ్ తెచ్చి ఫ్యాక్టరీ సెట్టింగులతో వదిలేసిన ట్యాంకు కంటే, పాత 26 గిగాహెర్ట్జ్‌కి ఓపిగ్గా ఎకో కర్వ్ (ఏ దూరం నుంచి ఎంత బలమైన ఎకో వస్తోందో చూపే గీత) చూసి సెట్ చేసిన ట్యాంకు రీడింగునే నేను నమ్ముతాను.

పాశమైలారం, జీడిమెట్ల, పరవాడ వైపు ఫార్మా యూనిట్లలో, కాకినాడ వంటనూనె రిఫైనరీల్లో, ఇథనాల్ ప్లాంట్లలో, విశాఖలోనో గల్ఫ్‌లోనో ట్యాంక్ ఫారాల్లో పనిచేసే ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

## ముందు ట్యాంకు సంగతి తేల్చుకోవాలి

ధ్వనితో కొలిచే అల్ట్రాసోనిక్ ఎందుకు వద్దు అనే ప్రశ్నకి జవాబు చిన్నదే. ధ్వని వేగం ఉష్ణోగ్రతతో మారుతుంది, డిగ్రీకి సుమారు 0.6 మీటర్లు సెకనుకి. సాల్వెంట్ ఆవిర్లు నిండినా మారుతుంది. రాడార్ తరంగం కాంతి వేగంతో పోతుంది కాబట్టి మామూలు ట్యాంకుల్లో పైనున్న గ్యాస్, వేడి, పీడనం దాన్ని దాదాపు కదపలేవు. నీళ్ల సంపుకి అల్ట్రాసోనిక్ ఇప్పటికీ చాలు. సాల్వెంట్ ట్యాంకుకి మాత్రం వద్దు.

ఇక రాడార్లలో ఏది అన్నది తేల్చేవి ఐదు సంగతులు.

ద్రవం ఎంత తిరిగి కొడుతుంది? అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. ద్రవం డైఎలెక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ క్షేత్రానికి అది ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) ఎంత ఎక్కువైతే ఎకో అంత బలంగా ఉంటుంది. లెక్క కడితే ఇలా వస్తుంది:

| ద్రవం | డైఎలెక్ట్రిక్ స్థిరాంకం, సుమారుగా | ఉపరితలం నుంచి తిరిగొచ్చే శక్తి |
|---|---|---|
| నీళ్లు | 80 | 64 శాతం |
| ఇథనాల్ | 25 | 44 శాతం |
| వంటనూనె | 3 | 7 శాతం |
| టోలీన్ | 2.4 | 4.6 శాతం |
| డీజిల్ | 2.1 | 3.4 శాతం |
| ద్రవ ప్రొపేన్ | 1.65 | 1.5 శాతం |

టోలీన్ మీద పడిన శక్తిలో 95 శాతం ద్రవంలోకి దిగిపోతుంది. ట్యాంకు అడుగుని తాకి తిరిగి వస్తుంది కూడా. ఆ అడుగు ఎకో ఎంత తిప్పలు పెడుతుందో సెట్టింగుల దగ్గర చెబుతాను.

ఉపరితలం మీద, పైన ఖాళీలో ఏముంది? నురగ, ఆవిరి, అజిటేటర్ (ద్రవాన్ని కలిపే తిరిగే బ్లేడు) లేపే అలలు, యాంటెన్నా మీద చేరే తేమ. ఇక్కడ ట్యాంకు ప్రశాంతంగా ఉన్న గంటని కాకుండా, అన్నిటికంటే చెడ్డ గంటని లెక్కలోకి తీసుకోవాలి. డేటాషీట్‌లో 30 మీటర్ల రేంజ్ అని ఉంటుంది. అది నిలకడగా ఉన్న ఉపరితలానికి. రిఫ్లక్స్ (మరిగిన ఆవిరి చల్లబడి తిరిగి కిందికి దిగడం) నడుస్తుండగా ఆవిరి కమ్ముకున్న రియాక్టర్‌కి అది వర్తించదు.

నాజిల్ (పరికరం బిగించే ట్యాంకు పైనున్న పొట్టి గొట్టం) ఎక్కడుంది, ఎంత పొడవు, ఎంత వ్యాసం? కొత్త ట్యాంకైతే మీరు డ్రాయింగ్‌లోనే అడగొచ్చు. పాత ట్యాంకైతే ఉన్న నాజిల్‌తోనే సర్దుకోవాలి. చాలా ప్లాంట్లలో ఎంపికని నిజంగా తేల్చేది ఈ నాజిలే.

ఈ రీడింగు దేనికి? స్టాకు లెక్కకా, కంట్రోల్ వాల్వు నడపడానికా, పంపు ట్రిప్ చేయడానికా, కొనుగోలు అమ్మకాల లెక్కకా? ప్రాసెస్ ట్రాన్స్‌మిటర్లు 1 నుంచి 3 మి.మీ. కచ్చితత్వం చూపిస్తాయి. పెద్ద స్టోరేజీ ట్యాంకుల్లో లీటర్ల మీద డబ్బు చేతులు మారే చోట 0.5 మి.మీ. స్థాయి ట్యాంక్ గేజింగ్ రాడార్ కావాలి. దాని ధర, దాని నియమాలు వేరు. ఒకదాని పని ఇంకొకదానితో చేయించకండి.

పరికరం బయటికి తీయాలంటే ఏం ఆపాలి? తీయాలంటే షట్‌డౌన్ కావాల్సిన ట్యాంకుకి, ఒక వాల్వు మూసి పక్క చాంబర్ (ట్యాంకుకి కలిపిన నిలువు గొట్టం) నుంచి తీసేయగల ట్యాంకుకి ఒకే ఎంపిక కుదరదు.

## 80 గిగాహెర్ట్జ్

దీని బలం కిరణం సన్నదనం. యాంటెన్నా వ్యాసం 80 మి.మీ. అనుకుంటే 80 గిగాహెర్ట్జ్ కిరణం 3 డిగ్రీల చిల్లర, అదే సైజులో 26 గిగాహెర్ట్జ్ కిరణం 10 డిగ్రీలు. 10 మీటర్ల లోతున మొదటిది అర మీటరు పైచిలుకు వెడల్పులో పడుతుంది. రెండోది మీటరుముప్పావు వెడల్పుకి వ్యాపిస్తుంది. టార్చిలైటు ఫోకస్ బిగించడానికీ వదులు చేయడానికీ ఉన్న తేడా అది. నిచ్చెన, హీటింగ్ కాయిల్, బ్యాఫిల్, అజిటేటర్ షాఫ్ట్ మధ్య నుంచి కిరణాన్ని నేరుగా కిందికి పంపాలంటే సన్నని కిరణమే కావాలి.

యాంటెన్నా చిన్నదిగా ఉన్నా పనిచేస్తుంది కాబట్టి పాత ట్యాంకుల సన్నని నాజిళ్లకి ఇది వరం. పొడవైన నాజిల్ కూడా చాలాసార్లు సమస్య కాదు. కానీ లోపలి అంచు దగ్గర వెల్డు గరుకుగా ఉంటే, గాస్కెట్ లోపలికి పొడుచుకొచ్చి ఉంటే దగ్గర్లోనే గట్టి ఫాల్స్ ఎకో (ద్రవానిది కాని అబద్ధపు ఎకో) వస్తుంది.

ప్లాస్టిక్, ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్‌గ్లాస్) ట్యాంకుల్లో హైడ్రోక్లోరిక్ యాసిడ్ నిల్వ చేసేవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది. ట్యాంకు పైకప్పుకి రంధ్రం పెట్టకుండా బయటి నుంచే కొలవొచ్చు. దానికి రెండు షరతులు. కప్పు మీద వాన నీరు నిలవకూడదు. ట్యాంకు బయట పక్కనే ఇనుప స్తంభమో పైపో ఉంటే అది కూడా ఎకో ఇస్తుంది, ఎందుకంటే ఆ గోడ రాడార్‌కి అడ్డే కాదు.

బలహీనత నురగ దగ్గర. తరంగదైర్ఘ్యం 4 మి.మీ. కంటే తక్కువ. చిక్కటి తడి నురగలో శక్తి అక్కడే ఇంకిపోతుంది. యాంటెన్నా మీద నీటి పొర మందంగా పేరుకున్నా 26 కంటే 80 ఎక్కువ నష్టపోతుంది. లెన్స్ ముందు భాగాన్ని చుక్కలు జారేలా చేసిన మోడళ్లలో ఈ బాధ తక్కువ. బాగా ఊగే ఉపరితలం మీద సన్నని కిరణం ఒక్కో అల నుంచి పక్కకి పోతుంది, కాబట్టి ఎకో వస్తూ పోతూ ఉంటుంది.

## 26 గిగాహెర్ట్జ్

మధ్యస్థం. కిరణం వెడల్పు కాబట్టి కాస్త నురగ, కాస్త అల, కాస్త తేమ ఉన్నా ఓర్చుకుంటుంది. దానికి బదులు ట్యాంకు గోడకి, లోపలి ఇనుముకి దూరంగా చోటు కావాలి. బాకా ఆకారపు హార్న్ యాంటెన్నా నాజిల్ కింది అంచు దాటి కనీసం 10 మి.మీ. బయటికి రావాలి. పొడవు నాజిల్ ఉన్నచోట ఇది కుదరక ఎక్స్‌టెన్షన్ కొనాల్సి వస్తుంది. ఫ్లాంజ్ మీద ఒక గుర్తు ఉంటుంది, అది పోలరైజేషన్ దిశ, అంటే తరంగం కంపించే దిశ. పరికరాన్ని కొన్ని డిగ్రీలు తిప్పితే గోడ ఎకో సగానికి పడిపోయే సందర్భాలున్నాయి. బోల్టులు బిగించేశాక ఇది ఎవరికీ గుర్తుండదు, కాబట్టి బిగించక ముందే చూడండి.

ఒక ద్రవం దగ్గర మాత్రం 26ని పక్కన పెట్టాలి: అమ్మోనియా. అమ్మోనియా అణువు 24 గిగాహెర్ట్జ్ దగ్గర మైక్రోవేవ్‌ని పీల్చుకుంటుంది. 1954లో చార్లెస్ టౌన్స్ బృందం మొదటి మేసర్‌ని (లేజర్‌కి ముందు వచ్చిన మైక్రోవేవ్ పరికరం) అమ్మోనియా వాయువుతో నడిపింది ఈ గుణం ఆధారంగానే. అదే గుణం ట్యాంకులో మనకి అడ్డు తగులుతుంది. ట్యాంకు పైభాగంలో చిక్కటి అమ్మోనియా ఆవిరి ఉంటే 26 గిగాహెర్ట్జ్ ఎకో చాలావరకు దార్లోనే పోతుంది. అమ్మోనియా నిల్వ ఉన్న ఎరువుల ప్లాంటులో 80 గిగాహెర్ట్జ్, 6 గిగాహెర్ట్జ్, గైడెడ్ వేవ్‌లలోంచి ఎంచుకోవాలి.

## 6 గిగాహెర్ట్జ్

కొత్త ప్రాజెక్టుల్లో తగ్గిపోయింది. యాంటెన్నా పెద్దది, కిరణం చాలా వెడల్పు, కచ్చితత్వం తక్కువ. కానీ తరంగదైర్ఘ్యం 5 సెం.మీ. కాబట్టి జిడ్డు, తేమ, నురగ, ఆవిరి దీన్ని అంతగా ఆపలేవు. పెద్ద నాజిల్ ఉండి, లోపల అడ్డంకులు లేని ట్యాంకులో పాత 6 గిగాహెర్ట్జ్ నడుస్తుంటే, కొత్తది వచ్చింది కదా అని తీసేయకండి. ముందు అదెందుకు పెట్టారో కనుక్కోండి.

## గైడెడ్ వేవ్

ఇందులో తరంగం గాల్లో కాకుండా రాడ్ వెంటో కేబుల్ వెంటో పోతుంది. శక్తి చెదరదు కాబట్టి డైఎలెక్ట్రిక్ తక్కువైన ద్రవాలకి, సన్నటి చాంబర్లకి, నురగ ఉన్న చోట ఇది మిగతావాటి కంటే నిలకడగా చూపిస్తుంది. ప్రొపేన్, బ్యూటేన్ బుల్లెట్ల (పీడనంలో నిల్వ చేసే పొడవాటి ట్యాంకులు) పక్క చాంబర్లలో కోయాక్సియల్ ప్రోబ్ (గొట్టం లోపల రాడ్ ఉన్న రకం) బాగా పనిచేస్తుంది. అయితే కోయాక్సియల్ శుభ్రమైన పల్చటి ద్రవానికే. మొలాసిస్ లాంటి చిక్కటిది, స్ఫటికాలు కట్టేది లోపల ఇరుక్కుంటే దాన్ని శుభ్రం చేయడమే ఒక పని అవుతుంది. అలాంటిచోట ఒంటి రాడ్డే మేలు.

నూనె, నీరు రెండు పొరలూ కొలవాలంటే కూడా ఇదే దారి. పై పొర డైఎలెక్ట్రిక్ తక్కువగా ఉండాలి, కింది పొరకీ దానికీ పెద్ద తేడా ఉండాలి, పై పొర మందం కొన్ని సెంటీమీటర్లైనా ఉండాలి. పై పొర డైఎలెక్ట్రిక్ విలువ తప్పుగా ఎక్కిస్తే ఇంటర్‌ఫేస్ (రెండు పొరలు కలిసే చోటు) మట్టం తప్పుతుంది, ఎందుకంటే ఆ పొరలో తరంగం ఎంత నెమ్మదించిందో పరికరం ఆ విలువతోనే లెక్కగడుతుంది.

బాయిలర్ డ్రమ్ సంగతి వేరు. అధిక పీడన ఆవిరి చిక్కబడి తరంగాన్ని నెమ్మదింపజేస్తుంది. 100 బార్ సంతృప్త ఆవిరిలో సవరణ లేకపోతే దూరంలో తప్పు 10 శాతం దాటుతుంది, మట్టం ఉన్నదానికంటే తక్కువ కనిపిస్తుంది. ఆవిరి సవరణకి రిఫరెన్స్ ఉన్న ప్రోబ్ అడిగి తీసుకోవాలి, సెట్టింగులో దాన్ని ఆన్ చేయాలి. కొనడం గుర్తుండి, ఆన్ చేయడం మరిచిపోవడం చాలా జరుగుతుంది.

అజిటేటర్ ఉన్న రియాక్టర్‌లో వేలాడే కేబుల్ ప్రోబ్ పెట్టకండి. చుట్టుకుంటుంది, తెగుతుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడాల్సినది | 80 గిగాహెర్ట్జ్ | 26 గిగాహెర్ట్జ్ | గైడెడ్ వేవ్ |
|---|---|---|---|
| చిన్న, పొడవు నాజిల్ | బాగుంటుంది | ఇబ్బంది | నాజిల్ పొట్టిగా ఉండాలి |
| లోపల కాయిల్, నిచ్చెన | బాగుంటుంది | అబద్ధపు ఎకోల మ్యాపింగ్ మీద ఆధారపడాలి | ఇనుముకి తాకకుంటే బాగుంటుంది |
| చిక్కటి నురగ | బలహీనం | పర్వాలేదు | మేలు |
| అజిటేటర్ | బాగుంటుంది | బాగుంటుంది | వద్దు |
| అంటుకునే పదార్థం | ట్యాంకులోకి వేలాడదు, మేలు | మేలు | ప్రోబ్ మీద పేరుకుంటుంది |
| డైఎలెక్ట్రిక్ 2 కంటే తక్కువ | జాగ్రత్తగా | కష్టం | మేలు |
| ఫ్లైయాష్, సిమెంటు సైలో | మేలు | పర్వాలేదు | కేబుల్ మీద లాగుడు ఎక్కువ |

## ఎవరికి ఏది

ఫార్మాలో సాల్వెంట్ డే ట్యాంకులకి 80 గిగాహెర్ట్జ్ తీసుకోండి. నాజిళ్లు చిన్నవి, ట్యాంకులు పొట్టివి, దగ్గర దూరాల్లో కూడా ఇది బాగా చూడగలదు. జోన్ 0కి (పేలే ఆవిరి ఎప్పుడూ ఉండే చోటు) సరిపడే సర్టిఫికెట్, భారత్‌లో పెసో (పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) అనుమతి ఉన్న మోడలేనా అన్నది ధర అడగక ముందే చూడాలి.

ఇథనాల్ ప్లాంటులో స్టోరేజీకి ఏది పెట్టినా ఎకో గట్టిగానే ఉంటుంది. కష్టమంతా ఫెర్మెంటర్‌ది. అక్కడ నురగ మట్టం కావాలా, ద్రవ మట్టం కావాలా అని ప్రాసెస్ వాళ్లని ముందు అడగాలి. రాడార్ ఒకరోజు నురగ పైభాగాన్ని, ఇంకోరోజు ద్రవాన్ని చూపించొచ్చు. ద్రవ పరిమాణమే కావాలంటే ఫెర్మెంటర్‌కి అడుగున ప్రెజర్ ట్రాన్స్‌మిటర్ పెట్టడం నాకు సబబుగా తోస్తుంది. రాడార్ కోసం పట్టుబట్టాల్సిన చోటు కాదది.

వంటనూనె ట్యాంకుల్లో అడుగున హీటింగ్ కాయిల్ ఉంటుంది. నూనె పారదర్శకం లాంటిది కాబట్టి కాయిల్ ఎకో నూనెలోంచి కూడా కనిపిస్తుంది. 80 గిగాహెర్ట్జ్‌తో కాయిల్ చుట్ల సందు చూసి గురిపెట్టగలిగితే సరే. లేకపోతే కాయిల్ పైభాగాన్నే కొలత కనిష్ఠంగా ఒప్పుకుని ఆపరేటర్లకి ఆ మాట రాసిచ్చేయాలి.

ఫ్లోటింగ్ రూఫ్ (ద్రవం మీద తేలే కప్పు) ట్యాంకుల్లో స్టిల్లింగ్ పైపు, అంటే లోపల నిలువుగా దించిన పైపు, ద్వారా కొలుస్తారు. పైపుకి ట్యాంకు పొడవునా రంధ్రాలు ఉండాలి, లేకపోతే పైపు లోపలి మట్టం బయటి మట్టంతో కలవదు. వెల్డు అతుకులు లోపల నున్నగా ఉండాలి. పైపులో తరంగం కాస్త నెమ్మదిగా పోతుంది కాబట్టి లోపలి వ్యాసం కచ్చితంగా ఎక్కించాలి. డ్రాయింగ్‌లో ఉన్న నామినల్ సైజు రాస్తే సరిపోదు.

థర్మల్ స్టేషన్ ఫ్లైయాష్ సైలోకి 80 గిగాహెర్ట్జ్, గురి మార్చుకునే ఫ్లాంజ్, దుమ్ము ఊదడానికి గాలి కనెక్షన్. పదార్థం వాలుగా పడుతుంది కాబట్టి యాంటెన్నాని అవుట్‌లెట్ వైపు కొద్దిగా వంచాలి.

## సెట్టింగుల్లో అసలు ఎంపికలు

మెనూ పేర్లు కంపెనీని బట్టి మారతాయి. ఎండ్రెస్ హౌజర్‌లో ఎంప్టీ కాలిబ్రేషన్, ఫుల్ కాలిబ్రేషన్ అని ఉంటే వేగాలో మిన్, మ్యాక్స్ అడ్జస్ట్‌మెంట్ అని, రోజ్‌మౌంట్‌లో ట్యాంక్ హైట్ అని ఉంటుంది. పని ఒక్కటే.

ఖాళీ దూరం. ఫ్లాంజ్ సీలింగ్ ముఖం నుంచి సున్నా బిందువు దాకా. నాజిల్ ఎత్తు కలపడం మరిచిపోతే మొత్తం రీడింగు అంత మేర పక్కకి జరుగుతుంది. డిష్ అడుగున్న (అడుగు గిన్నెలా వంగిన) ట్యాంకులో పరికరం వ్యాసార్ధం మధ్యలో ఉంటే, కిరణం అడుగు మధ్య బిందువుని ఎప్పటికీ చూడదు. కింద మిగిలే ఆ ద్రవాన్ని కొలవలేమని ముందే తెలుసుకోవాలి.

పరికరాన్ని డిష్ పైకప్పు మధ్యలో పెట్టకండి. అక్కడ ఎకో కప్పుకీ ద్రవానికీ మధ్య మళ్లీ మళ్లీ తిరిగి, ఒక్కోసారి రెండో ఎకో మొదటి దానికంటే బలంగా వస్తుంది. కోన్ అడుగున్న నిలువు ట్యాంకుకైతే మధ్య స్థానం మంచిదే.

దగ్గరి బ్లైండ్ జోన్. యాంటెన్నా దగ్గర అర మీటరు దాకా వచ్చే ఎకోలు చూడొద్దని పెట్టారనుకోండి. మట్టం యాంటెన్నాకి 300 మి.మీ. దాకా వచ్చేసింది. అసలు ఎకోని పరికరం పట్టించుకోదు. అదే ఎకో రెండోసారి తిరిగి 600 మి.మీ. దగ్గర కనిపిస్తుంది, దాన్ని పట్టుకుంటుంది. ట్యాంకు పొంగబోతుంటే మట్టం ఇంకా 300 మి.మీ. కింద ఉన్నట్టు చూపిస్తుంది. కాబట్టి హై హై అలారం (అన్నిటికంటే పై మట్టం అలారం) ఎప్పుడూ బ్లైండ్ జోన్‌కి బాగా కిందే ఉండాలి. నాజిల్ ఎకో పోవడం లేదని ఈ దూరాన్ని పెంచుకుంటూ పోయేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

ఫాల్స్ ఎకో మ్యాపింగ్, అంటే అబద్ధపు ఎకోల్ని పట్టించుకోవద్దని నమోదు చేయడం: ఖాళీగా ఉన్నప్పుడా, సగం నిండినప్పుడా? ఖాళీగా ఉన్నప్పుడే ఉత్తమం. కుదరకపోతే ఉన్న మట్టానికి అర మీటరు పైవరకే మ్యాప్ చేయండి, తర్వాత షట్‌డౌన్‌లో మిగతాది పూర్తి చేయండి. ద్రవం ఉపరితలాన్ని కూడా కలిపి మ్యాప్ చేస్తే, నిజమైన మట్టమే అబద్ధపు ఎకోగా నమోదవుతుంది. ఆ తర్వాత మట్టం ఆ ఎత్తుకి వచ్చిన ప్రతిసారీ రీడింగు తప్పిపోతుంది. అజిటేటర్ ఉంటే అది తిరుగుతుండగా మ్యాప్ చేయాలి, అప్పుడే బ్లేడు అన్ని స్థానాల్లో ఇచ్చే ఎకో నమోదవుతుంది. ట్యాంకు లోపల ఏ మార్పు చేసినా, కొత్త డిప్ పైపు దించినా, పాత మ్యాప్ చెల్లదు.

అడుగు ఎకో. టోలీన్ ఇంకా మీటరు ఎత్తు ఉందనుకోండి. ద్రవంలో తరంగం నెమ్మదిస్తుంది కాబట్టి అడుగు దాని అసలు చోటు కంటే 55 సెం.మీ. కింద ఉన్నట్టు కర్వ్‌లో కనిపిస్తుంది. మట్టం తగ్గే కొద్దీ ఆ ఎకో అసలు అడుగు వైపు పైకి జరుగుతూ, బలపడుతూ వస్తుంది. ఒక దశలో పరికరం ఉపరితలాన్ని వదిలి దాన్ని పట్టుకుంటుంది. ఆపరేటర్‌కి ట్యాంకు ఉన్నట్టుండి ఖాళీ అయినట్టు కనిపిస్తుంది. డైఎలెక్ట్రిక్ విలువ పరిధిని సరిగ్గా ఎక్కించడం, అడుగు ఎకో కనిపిస్తుందని పరికరానికి చెప్పే ఆప్షన్ ఆన్ చేయడం దీనికి మందు. ఒకే ట్యాంకులో ఒక బ్యాచ్ మెథనాల్, ఇంకో బ్యాచ్ హెక్సేన్ వేసే మల్టీపర్పస్ యూనిట్లలో తక్కువ విలువ ఉన్న ద్రవానికే సెట్ చేయాలి.

డ్యాంపింగ్ (రీడింగు ఊగకుండా నెమ్మదింపజేసే సమయం) 5 సెకన్లా, 30 సెకన్లా? ట్యాంకుని చూసి లెక్కగట్టండి. 3 మీటర్ల వ్యాసం ట్యాంకులోకి గంటకి 30 ఘనమీటర్లు పోస్తే మట్టం సెకనుకి 1.2 మి.మీ. పెరుగుతుంది. 10 సెకన్ల డ్యాంపింగ్ పెట్టినా రీడింగు 12 మి.మీ. వెనకబడుతుంది, ఫర్వాలేదు. అదే మీటరు వ్యాసం వెసెల్‌లోకి గంటకి 20 ఘనమీటర్లు పోస్తే సెకనుకి 7 మి.మీ. పెరుగుతుంది. 30 సెకన్ల డ్యాంపింగ్‌తో రీడింగు 210 మి.మీ. వెనక ఉంటుంది. కంట్రోల్ రూములో ట్రెండు నున్నగా కనిపించాలని డ్యాంపింగ్ పెంచేవాళ్లు చిన్న వెసెళ్ల దగ్గర జాగ్రత్తపడాలి.

ఘనపరిమాణం లెక్క ఎక్కడ? పడుకోబెట్టిన సిలిండర్ ట్యాంకులో ఎత్తు 25 శాతం ఉంటే ద్రవం 19.6 శాతమే ఉంటుంది. ఆ లీనియరైజేషన్ ట్రాన్స్‌మిటర్‌లో చేయొచ్చు, డీసీఎస్‌లో (కంట్రోల్ రూము కంప్యూటర్ వ్యవస్థ) చేయొచ్చు. రెండు చోట్లా చేయకూడదు. నేనైతే ట్రాన్స్‌మిటర్‌ని ఎత్తు మాత్రమే పంపమంటాను. డిప్ టేపుతో (ట్యాంకులోకి దించి మట్టం కొలిచే టేపు) పోల్చడం తేలికవుతుంది, పరికరం మార్చినా టేబుల్ పోదు.

## ఎకో పోతే ఏం చేయాలి

ట్రాన్స్‌మిటర్ మట్టాన్ని 4 నుంచి 20 మిల్లీఆంప్ కరెంటుగా పంపుతుంది. ఎకో పోతే మూడు ఆప్షన్లుంటాయి: చివరి విలువ పట్టుకుని ఉండడం, అలారం కరెంటు (ఆ పరిధికి బయటి కరెంటు) పంపడం, ముందే చెప్పిన ఒక విలువకి వెళ్లడం.

చివరి విలువ పట్టుకోవడం చూడడానికి హాయిగా ఉంటుంది. అలారాలు రావు, పంపులు అనవసరంగా ఆగవు. కానీ నిండుతున్న ట్యాంకు దగ్గర ఇంతకంటే ప్రమాదకరమైన సెట్టింగు లేదు. 2005 డిసెంబర్ 11 తెల్లవారుజామున ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ డిపోలో 912 నంబరు ట్యాంకులోకి పెట్రోలు వస్తూనే ఉంది, గేజి మాత్రం మూడు గంటల ప్రాంతం నుంచి ఒకే రీడింగు దగ్గర ఆగిపోయింది. అది సర్వో గేజి (మోటారు తీగతో దించే బరువుతో కొలిచేది), రాడార్ కాదు. పైన విడిగా ఉన్న హై లెవెల్ స్విచ్ కూడా పనిచేయలేదు. 2.5 లక్షల లీటర్లకి పైగా పెట్రోలు పొంగిపొర్లి, ఆరు గంటలకి పేలింది. 40 మందికి పైగా గాయపడ్డారు. కదలని రీడింగుని కంట్రోల్ బోర్డు దగ్గరున్న మనిషి నమ్మాడు. చివరి విలువ పట్టుకో అని మనం సెట్ చేస్తే, అలాంటి కదలని రీడింగుని మన చేత్తో మనమే తయారుచేసినట్టు.

నా సలహా ఇది. పొంగితే ప్రమాదమైన ట్యాంకుకి అలారం కరెంటు, పైవైపు, 21 మిల్లీఆంప్ లేదా అంతకు మించి. ఖాళీగా నడిస్తే పంపు పాడయ్యే ట్యాంకు, పొంగడానికి అవకాశం లేనిదైతే, కిందివైపు 3.6 మిల్లీఆంప్ లేదా అంతకంటే తక్కువ. నామూర్ (ప్రాసెస్ పరిశ్రమల సంఘం) సిఫారసు ఎన్ఈ 43 ప్రకారం 3.8 నుంచి 20.5 దాకా కొలత, ఆ బయటివి లోపం సంకేతాలు. డీసీఎస్ ఇన్‌పుట్ కార్డు కూడా ఈ హద్దుల్నే లోపంగా గుర్తించేలా పెట్టాలి. ట్రాన్స్‌మిటర్ 21 పంపుతుంటే డీసీఎస్ దాన్ని 100 శాతం నిండినట్టు మాత్రమే చూపిస్తే, లోపమని ఎవరికీ తెలియదు.

ఉత్త అలారాలతో ఆపరేటర్లు విసిగిపోతారన్న అభ్యంతరం న్యాయమైనదే. దానికి ఎకో పోయాక ఎంతసేపు ఆగాలి అనే టైమర్ ఉంది. స్టోరేజీ ట్యాంకుకి నిమిషం ఆగినా మట్టం కొన్ని సెంటీమీటర్లే మారుతుంది. వేగంగా నిండే వెసెల్‌కి కొన్ని సెకన్లకి మించి వద్దు. అయినా అలారం పదేపదే వస్తుంటే తప్పు సెట్టింగుది కాదు, ఎంపికదో నాజిల్‌దో. అలారాన్ని ఆపేయడం దానికి పరిష్కారం కాదు.

రాడార్ ఎంత మంచిదైనా హై హై ట్రిప్‌కి విడిగా ఒక స్విచ్, సాధారణంగా వైబ్రేటింగ్ ఫోర్క్ (ద్రవం తాకితే కంపనం మారే స్విచ్), ఉండాలి. అది రాడార్ కార్డుకి కాకుండా వేరే ఇన్‌పుట్‌కి వెళ్లాలి, దాన్ని కాలానుగుణంగా నిజంగా పరీక్షించాలి.

## అప్పగించే ముందు

ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ఒకటి, సగంలో ఒకటి, నిండినప్పుడు ఒకటి ఎకో కర్వ్ సేవ్ చేసి ట్యాగ్ నంబరుతో దాచండి. ఏడాది తర్వాత రీడింగు ఎగిరిపడుతుంటే, ఆ రోజు కర్వ్‌ని దీనితో పక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు తేలిపోతాయి: యాంటెన్నా దగ్గర ఎకో పెరిగితే పూత పేరుకుంది, ఉపరితలం ఎకో ఒక్కటే తగ్గితే నురగో అలో ఉంది. బ్లూటూత్ పాస్‌వర్డు ఫ్యాక్టరీది ఉంచకండి. సముద్రం పక్కన పనిచేసేవాళ్లు కేబుల్ గ్లాండు బిగింపుని, కవర్ ఓరింగ్‌ని ప్రతి వానాకాలం ముందు చూడాలి.

చివరగా డిప్ టేపుతో కనీసం మూడు ఎత్తుల్లో పోల్చండి. తేడా మూడు చోట్లా ఒకేలా ఉంటే ఖాళీ దూరం తప్పు, ఆ ఒక్క అంకె సరిచేయండి. మట్టం కిందికి దిగే కొద్దీ తేడా పెరుగుతుంటే స్టిల్లింగ్ పైపు లోపలి వ్యాసం తప్పుగా ఎక్కించారు, లేదా పైనున్న ఆవిరి చిక్కగా ఉంది. రెండు ఎత్తుల్లో సరిపోయి ఒక్క ఎత్తులోనే తప్పితే అక్కడ ఏదో ఇనుము ఉంది, డ్రాయింగ్ తీసి చూడండి. తేడా రోజుకో రకంగా ఉంటే సెట్టింగులు ముట్టుకోకుండా, ముందు డిప్ తీసే మనిషి ప్రతిసారీ ఒకే డేటమ్ ప్లేటు (కొలత మొదలయ్యే అడుగు ప్లేటు) మీద తీస్తున్నాడో లేదో కనుక్కోండి.